ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్‌ల రూపకల్పన - మెమొరీ భద్రత: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పేర్ల ఆధారంగా చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షర క్రమం ఆపిల్ సంస్థ ఫోన్లలోని సందేశ అనువర్తనాలను కుప్పకూల్చింది. ఈ ఘటన పత్రికల్లో 'తెలుగు అక్షరం వల్ల కలిగిన లోపం'గా ప్రచారం పొందింది. నిజానికి అది లిపి లోపం కాదు, మెమొరీ నిర్వహణ లోపం. పాఠ్యాన్ని స్వీకరించే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ ఆ పాఠ్యం నిడివిని, దాన్ని ఉంచవలసిన చోటు పరిమాణాన్ని, ఆ రెంటినీ కొలిచే ప్రమాణాన్ని తనతోపాటు ఉంచుకోనప్పుడు ఇటువంటి ప్రమాదాలకు దారి ఏర్పడుతుంది. సి భాష తొలినాళ్ల నుంచి నేటి వరకు ఈ సమస్యను నివారించడానికి జరిగిన ప్రయత్నాలను పాలమూరు ప్రాంతంలోని మూడు జిల్లా కేంద్రాల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ముఖ్యపదాలు: మెమొరీ భద్రత, ఇంటర్‌ఫేస్, బఫర్, యూనికోడ్, తెలుగు లిపి, సి భాష, రస్ట్.

1. ఉపోద్ఘాతం:

2018 ఫిబ్రవరి రెండో వారంలో ఐఫోన్ వాడుకరులకు ఒక విచిత్ర సమస్య ఎదురయింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే దాన్ని తెరవబోయిన అనువర్తనం మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. ఆ అక్షరం 'జ్ఞా'. అయితే 'జ్ఞానం', 'విజ్ఞానం' వంటి మాటల్లో నిత్యం రాసే జ్ఞా కాదు. జకారం, పొల్లు, ఞకారం, వాటి తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం, చివర ఆకార గుణింతం అనే 5 సంకేతాల వరుస అది. ఆ కనిపించని సంకేతం పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగులో దీన్ని 'విడదీత సంకేతం' అనవచ్చు.

ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దిద్దుబాటు విడుదల చేసింది. మాక్, వాచ్, టీవీ వ్యవస్థలకూ అదే దిద్దుబాటు అందింది. సీవీఈ-2018-4124 అనే సంఖ్యతో నమోదైన ఈ లోపాన్ని ఆ సంస్థ మెమొరీ వికలత అనే వర్గంలో చేర్చింది. ప్రత్యేకంగా కూర్చిన అక్షరమాలను ప్రక్రియకు గురిచేస్తే హీప్ అనే మెమొరీ భాగం చెడిపోవచ్చని, ప్రవేశించే పాఠ్యాన్ని మరింత జాగ్రత్తగా తనిఖీ చేయడం ద్వారా దాన్ని సరిదిద్దామని ప్రకటించింది. లోపం ఉన్న భాగం కోర్‌టెక్స్ట్. అది అక్షరాలను తెరపై పొందుపరిచే భాగం.

ఇదే నమూనా దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని క్రమాలకూ వర్తించిందని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. కనుక దీన్ని తెలుగుకు అంటగట్టడం సరికాదు. 2015లో అరబిక్ తదితర లిపుల అక్షరాలున్న ఒక సందేశం, 2020లో సింధీ అక్షరాలున్న మరొక సందేశం ఇవే ఫోన్లను స్తంభింపజేశాయి. ఒక్కొక్కసారి ఒక్కొక్క లిపి పేరు నిందకు గురయింది. లిపి మారినా వైఫల్యం పునరావృతమైందంటే, కారణాన్ని లిపిలో గాక పాఠ్యాన్ని చేతులు మార్చే పద్ధతిలో వెదకాలి.

2. మూడు పేర్లు, నాలుగు కొలతలు:

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. గద్వాల, వనపర్తి సంస్థానాలు, నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం కేంద్రంగా సాగిన జటప్రోలు సంస్థానం కవిపండిత పోషణకు పేరుపొందాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అనే ప్రశస్తి ఉంది. 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ గద్వాల ప్రాంతంవాడే. పద్యాన్ని గురులఘువులతో కొలిచి నిగ్గుతేల్చిన నేల ఇది. అక్షరాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

ఛందశ్శాస్త్రం ప్రకారం 'గద్వాల' రెండు గురువులు, ఒక లఘువు కలిసిన త గణం. 'వనపర్తి' రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు కలిసిన సలము. రెండూ ఇంద్రగణాలే, రెండింటికీ 5 మాత్రలే. ఒకే తేటగీతి పాదంలో ఇంద్రగణం ఉండవలసిన చోట దేన్నయినా నిలపవచ్చు.

కంప్యూటర్ కొలత వేరు. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించారు. ఒత్తులకు విడిగా స్థానాలు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే ఒత్తు ఏర్పడుతుంది. గద్వాల చదువరికి 3 అక్షరాలు. యూనికోడ్‌కు గ, ద, పొల్లు, వ, ఆకార గుణింతం, ల అనే 6 సంకేతాలు. వనపర్తి 4 అక్షరాలు, 7 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. కనుక గద్వాలకు 18, వనపర్తికి 21 బైట్లు పడతాయి. యూటీఎఫ్-16 పద్ధతిలో అవే 12, 14 బైట్లు. ఒక్కో సంకేతానికి ఒక్కో బైటు చాలే పాత ఇస్కీ పద్ధతిలోనైతే 6, 7 బైట్లే.

నాగర్‌కర్నూల్ పేరు మరింత ఆసక్తికరం. 'ర్' తర్వాత 'క' ఒత్తుగా మారకుండా విడిగా నిలవాలంటే రెంటి మధ్య విడదీత సంకేతం ఉంచాలి. లేకపోతే ఆ పేరు 'నాగర్కర్నూల్' అనే రూపం పొందుతుంది. ఆ సంకేతంతో కలిపి మొత్తం 13 సంకేతాలు, 39 బైట్లు. కంటికి కనిపించకపోయినా 3 బైట్ల చోటు ఆక్రమించే సంకేతం ఒక జిల్లా పేరులోనే ఉందన్నమాట.

2018 నాటి వైఫల్యాన్ని ఈ పేర్ల పక్కన పెట్టి చూడాలి. గద్వాలలోని 'ద్వా'లో హల్లు, పొల్లు, హల్లు, గుణింతం అనే అల్లిక ఉంది. నాగర్‌కర్నూల్‌లో విడదీత సంకేతం ఉంది. ఈ రెండూ తెలుగు రాతలో సహజమైనవే. అల్లిక మధ్యలో, గుణింతానికి ముందు, విడదీత సంకేతం చేరడమే అసహజం. తెలుగు వర్ణక్రమానికి ఆ కూర్పుతో అవసరం లేదు. కాని యూనికోడ్ పాఠ్యంగా అది నిషిద్ధం కాదు. బయటినుంచి వచ్చే పాఠ్యం ఎప్పుడూ సహజంగానే ఉంటుందని నమ్మే హక్కు ఏ ఇంటర్‌ఫేస్‌కూ లేదు.

3. సి భాష స్ట్రింగు - నిడివి చెప్పని అప్పగింత:

ఇంటర్‌ఫేస్ అంటే ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాముకు పని అప్పగించే ఒప్పందం. ఏమి ఇవ్వాలి, ఏమి తిరిగి వస్తుంది, ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది అందులో తేలాలి. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలో పాఠ్యానికి నిడివి అనే అంశం విడిగా లేదు. మెమొరీలో పాఠ్యం మొదలయ్యే చోటును చెబుతారు. సున్నా విలువగల బైటు వచ్చినచోట పాఠ్యం ముగిసిందని భావిస్తారు. నాటి యంత్రాలలో మెమొరీ అత్యల్పం కనుక ఈ పొదుపుకు అర్థం ఉంది.

ఈ నిర్ణయం ఫలితం 'స్ట్రింగ్ కాపీ' అనే ప్రమేయంలో స్పష్టంగా కనిపిస్తుంది. దానికి రెండే వివరాలు ఇస్తారు: ఎక్కడి నుంచి తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి. పెట్టే చోటు ఎంత పెద్దదో అది అడగదు. చెప్పదలచినా చెప్పే వీలు లేదు. ఊరి పేరు కోసం 20 బైట్ల చోటు కేటాయించిన ఒక ప్రోగ్రామును ఊహించవచ్చు. రోమన్ లిపిలో ముగింపు బైటుతో కలిపి గద్వాలకు 7, వనపర్తికి 11, నాగర్‌కర్నూల్‌కు 13 బైట్లు చాలు. మూడూ సుఖంగా ఇముడుతాయి. అదే ప్రోగ్రాముకు తెలుగు పేర్లు ఇస్తే గద్వాల 19 బైట్లతో ఇముడుతుంది. పరీక్షించినవారు గద్వాలతోనే పరీక్షించి ఉంటే లోపం బయటపడదు. వనపర్తికి 22, నాగర్‌కర్నూల్‌కు 40 బైట్లు కావాలి. అదనపు బైట్లు పొరుగున ఉన్న మెమొరీపై పడతాయి. గద్వాలను కొందరు రాసేటట్లు 'గద్వాల్' అని పొల్లుతో రాసినా 22 బైట్లు అవుతుంది. ఛందస్సులో సమాన మాత్రలుగల రెండు పేర్లలో ఒకటి క్షేమం, మరొకటి ప్రమాదం.

పొరుగు మెమొరీలో ఏముందన్నదానిని బట్టి ఫలితం ఉంటుంది. మరొక పేరు ఉంటే అది చెరిగిపోతుంది. ప్రోగ్రాము తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా ఉంటే, దాడి చేసేవాడు తనకు కావలసిన చోటికి దాన్ని మళ్లించగలడు. 1988 నవంబర్ 2న విడుదలైన మోరిస్ వర్మ్ వాడుకున్న మార్గాలలో ఇది ఒకటి. ఫింగర్ సేవా ప్రోగ్రాములో 512 బైట్ల చోటులోకి 'గెట్స్' అనే ప్రమేయం ద్వారా పాఠ్యం వచ్చేది. గెట్స్‌కు కూడా చోటు పరిమాణం చెప్పే వీలు లేదు. దాన్ని భద్రంగా వాడటం ఎంతటి నిపుణుడికైనా సాధ్యం కాదు. ఇక్కడ దోషం వాడినవారి అజాగ్రత్తకు పరిమితం కాదు, అడగవలసినది అడగని ఇంటర్‌ఫేస్‌లోనే ఉంది.

వేరే దారి నాడే తెలుసు. 1960లలో టోనీ హోర్ బృందం రూపొందించిన ఆల్గాల్ 60 అనువాదకం ప్రతి శ్రేణి హద్దునూ నడుస్తున్నప్పుడే తనిఖీ చేసేది. వేగం కోసం ఆ తనిఖీని తీసివేసే వెసులుబాటు కావాలా అని అడిగితే వాడుకరులు వద్దన్నారని హోర్ తన 1980 నాటి ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో గుర్తుచేసుకున్నాడు.

4. దిద్దుబాట్ల క్రమం:

తొలి దిద్దుబాట్లు పాత ప్రమేయాల పక్కన కొత్తవాటిని నిలపడంగా సాగాయి. 'స్ట్రింగ్ ఎన్ కాపీ'కి ఎన్ని బైట్లు నకలు చేయాలో చెప్పవచ్చు. అయితే అది భద్రత కోసం పుట్టింది కాదు. తొలి యూనిక్స్‌లో 14 బైట్ల స్థిరమైన చోటులో ఫైలు పేర్లను నింపే అవసరం నుంచి వచ్చింది. వనపర్తిని 20 బైట్ల చోటుకు దీని ద్వారా నకలు చేస్తే సరిగ్గా 20 బైట్లు నింపి ఊరుకుంటుంది, ముగింపు బైటును ఉంచదు. రాసేటప్పుడు హద్దు దాటకపోయినా, తర్వాత చదివేవారు ముగింపు కోసం వెదుకుతూ హద్దు దాటుతారు. ప్రమాదం తొలగలేదు, రాత నుంచి చదువుకు మారింది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ బృందానికి చెందిన టాడ్ మిల్లర్, థియో డి రాట్ 'స్ట్రింగ్ ఎల్ కాపీ'ని ప్రవేశపెట్టారు. దీనికి చోటు మొత్తం పరిమాణం చెప్పాలి. అది ముగింపు బైటును తప్పక ఉంచుతుంది. మూలపాఠ్యం అసలు నిడివిని తిరిగి చెబుతుంది. వనపర్తి విషయంలో 21 అనే జవాబు వస్తుంది. 20 బైట్ల చోటు చాలలేదని అడిగినవారు గ్రహించవచ్చు. లినక్స్ వ్యవస్థల్లో విస్తృతంగా వాడే జీలిబ్‌సీ గ్రంథాలయం దీన్ని 2023లో గాని చేర్చుకోలేదు. పావు శతాబ్దం పట్టింది. గెట్స్‌ను సి ప్రమాణం నుంచి తొలగించడానికి 2011 వరకు ఆగవలసి వచ్చింది. మోరిస్ వర్మ్ నాటి నుంచి లెక్కిస్తే అది 23 సంవత్సరాలు.

ఈ ఆలస్యానికి కారణం అజ్ఞానం కాదు. ఇంటర్‌ఫేస్ ఒకసారి లోకంలో స్థిరపడితే వేలాది ప్రోగ్రాములు దానిపై ఆధారపడతాయి. దాన్ని తొలగిస్తే అవన్నీ ఆగిపోతాయి. అందుకే ఇంటర్‌ఫేస్ రూపకల్పనలో జరిగే తప్పుకు ఆయుష్షు ఎక్కువ.

5. ప్రమాణం మారినప్పుడు:

నిడివి చెప్పినంత మాత్రాన చాలదు, ఏ ప్రమాణంలో చెబుతున్నారన్నది తేలాలి. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో సున్నా బైటు పాఠ్యం నడుమ రాకుండా జాగ్రత్తపడ్డారు. అందువల్ల ఆంగ్లం కోసం రాసిన సి ప్రోగ్రాములు మార్పు లేకుండానే తెలుగును స్వీకరించగలిగాయి. తెలుగుకు ఇది మేలు. అదే సమయంలో, అక్షరానికి ఒక బైటు చాలునన్న భావనతో కేటాయించిన చోట్లలోకి మూడింతల బైట్లు ప్రవేశించే దారి కూడా తెరుచుకుంది.

విండోస్‌లో బహుబైట్ల పాఠ్యాన్ని విశాల సంకేతాలుగా మార్చే ప్రమేయం దీనికి మరో ఉదాహరణ. అందులో వచ్చే పాఠ్యం నిడివిని బైట్లలోనూ, పెట్టే చోటును విశాల సంకేతాల సంఖ్యలోనూ చెప్పాలి. 20 విశాల సంకేతాల చోటు అంటే 40 బైట్లు. ఆ చోటు పరిమాణంగా పొరపాటున 40 అని ఇస్తే ప్రమేయం దాన్ని 40 సంకేతాల చోటుగా, అంటే 80 బైట్లుగా భావిస్తుంది. రెండూ అంకెలే కనుక అనువాదకం అభ్యంతరం చెప్పదు. ఈ పొరపాటు భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ తన పత్రాలలోనే హెచ్చరించింది. హెచ్చరిక పత్రంలో ఉంది, ఒప్పందంలో లేదు. పత్రం చదవనివాడికి రక్షణ లేదు.

ఎదుటివాడు చెప్పిన నిడివిని నమ్మడం మరొక రకం లోపం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ దీనికి ప్రసిద్ధ నిదర్శనం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు కొన్ని బైట్లే పంపి, ఎంతో ఎక్కువ పంపినట్లు చెబితే, అది 64 కిలోబైట్ల వరకు తన మెమొరీలోని సమాచారాన్ని తిరిగి పంపేది. పాఠ్యం ఒకచోట, దాని నిడివి మరొకచోట ఉండి, రెంటినీ సరిచూసే బాధ్యత ఎవరిదో తేలనప్పుడు జరిగేది ఇదే.

6. తనిఖీ నుంచి రూపకల్పనకు:

2018 నాటి ఆపిల్ దిద్దుబాటు ద్వారం దగ్గర తనిఖీని కట్టుదిట్టం చేసింది. అత్యవసర సమయంలో అది సమంజసం. కాని ద్వారాలు అనేకం, తనిఖీ మరచిన ఒక్క ద్వారం చాలు. 2006 నుంచి తన ఉత్పత్తులలో ఏటా సీవీఈ సంఖ్య పొందిన లోపాల్లో సుమారు 70 శాతం మెమొరీ భద్రతకు సంబంధించినవేనని 2019లో మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. 2020లో క్రోమియం బృందం కూడా తమ తీవ్ర లోపాల విషయంలో దాదాపు అదే నిష్పత్తిని ప్రకటించింది. నిపుణులున్న సంస్థల్లోనే సంవత్సరాల తరబడి నిష్పత్తి మారలేదంటే జాగ్రత్తగా రాయమన్న ఉపదేశం పరిమితి తెలుస్తుంది.

2015 మే 15న 1.0 రూపంలో విడుదలైన రస్ట్ భాష బాధ్యతను ఇంటర్‌ఫేస్‌లోకే తెచ్చింది. అందులో పాఠ్యం తన నిడివిని వెంట ఉంచుకుంటుంది. ఆ నిడివి బైట్లలో అని నిర్వచనంలోనే ఉంది. మెమొరీని ఎవరు ఎంతకాలం వాడవచ్చో అనువాద సమయంలోనే నిర్ణయమవుతుంది. వనపర్తిలో తొలి 20 బైట్లు కావాలని అడిగితే, అది ఒక సంకేతాన్ని మధ్యలో కోస్తుంది కనుక ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. పని ఆగుతుంది గాని పొరుగు మెమొరీ చెడదు. రక్షణ లేని భాగాలను 'అన్‌సేఫ్' అని ప్రకటించి వేరుచేయాలి కనుక, పరిశీలించవలసిన చోట్లు గుర్తుపట్టడం సులభం.

దీని ఫలితం అనుభవంలో కనిపించింది. ఆండ్రాయిడ్‌లో కొత్త భాగాలను ఇటువంటి భాషల్లో రాయడం మొదలయ్యాక, 2019లో మొత్తం లోపాల్లో 76 శాతంగా ఉన్న మెమొరీ లోపాల వాటా 2024 నాటికి 24 శాతానికి తగ్గిందని గూగుల్ ప్రకటించింది. పాత భాగాలన్నిటినీ తిరగరాయకుండానే ఇది సాధ్యమైంది. 2025లో క్రోమ్ బ్రౌజర్ వెబ్ అక్షరరూపాలను చదవడానికి రస్ట్‌లో రాసిన స్క్రిఫా గ్రంథాలయాన్ని చేపట్టింది. తెలుగు వంటి సంక్లిష్ట లిపులను తెరపైకి తెచ్చే మార్గంలోనే ఈ మార్పు జరగడం గమనార్హం.

7. మెమొరీ భద్రత - అక్షర భద్రత:

మెమొరీ సురక్షితమైతే తెలుగు పాఠ్యం సురక్షితమైనట్లేనా? కాదు. వనపర్తిని స్ట్రింగ్ ఎల్ కాపీ 20 బైట్ల చోటుకు తెస్తే 19 బైట్లు మిగులుతాయి. అంటే 'వనపర్త' వరకు 18 బైట్లు, ఆపైన ఇకార గుణింతానికి చెందిన ఒక విరిగిన బైటు. మెమొరీ చెడలేదు, ఊరి పేరు చెడింది. రస్ట్‌లో తొలి 18 బైట్లు అడిగితే 'వనపర్త' నిరభ్యంతరంగా వస్తుంది, 15 అడిగితే 'వనపర్' వస్తుంది. సంకేతాల హద్దు భాషకు తెలుసు, తెలుగు అక్షరం హద్దు తెలియదు.

ఆ హద్దు ప్రమాణాలలోకి రావడానికీ కాలం పట్టింది. యూనికోడ్ పాఠ్యవిభజన నియమాలు 'ర్తి'ని 'ర్', 'తి' అనే రెండు భాగాలుగా విడదీసేవి. 2023లో వెలువడిన 15.1 రూపంలో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే భాగంగా పరిగణించే నియమం చేరింది. మన చదువరి ఓనమాల నాడే ఒకటిగా గుర్తించే అక్షరం, యంత్ర ప్రమాణంలో ఒకటి కావడానికి యూనికోడ్ తొలి రూపం వెలువడిన 1991 నుంచి 32 సంవత్సరాలు పట్టిందన్నమాట.

దీని ప్రభావం సామాన్యమైనది కాదు. భూమి పత్రంలోనో, విద్యార్హత పత్రంలోనో, ఓటరు జాబితాలోనో పేరు చివర తెగిపోతే అది వేరొకరి పేరవుతుంది. తెలుగులో రాస్తే ఇబ్బంది వస్తుందన్న భయం స్థిరపడితే, నమోదు చేసేవారు రోమన్ లిపిని ఆశ్రయిస్తారు. లోపం ఇంటర్‌ఫేస్‌ది, నష్టం భాషది అవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల నాలుగు అంశాలు తేలుతున్నాయి.

1. 2018 నాటి వైఫల్యానికి తెలుగు లిపి సంక్లిష్టత సందర్భం మాత్రమే. దాన్ని మెమొరీ ప్రమాదంగా మార్చింది పాఠ్యాన్ని స్వీకరించిన ప్రోగ్రాము లోపం.

2. పాఠ్యం, దాని నిడివి, నిడివికి ప్రమాణం, పెట్టే చోటు పరిమాణం ఒకదాని నుంచి ఒకటి విడిపోయిన ఇంటర్‌ఫేస్‌లలో వాడినవారి జాగ్రత్త మాత్రమే రక్షణ. గెట్స్ నుంచి హార్ట్‌బ్లీడ్ వరకు చరిత్ర ఆ రక్షణ చాలదని నిరూపించింది.

3. తప్పుగా వాడటానికి వీలు లేని ఇంటర్‌ఫేస్‌ను రూపొందించడం వల్ల మెమొరీ లోపాలు తగ్గాయి. కొత్తగా రాసే భాగాల నుంచే ఆ పని ప్రారంభించవచ్చు.

4. తెలుగు విషయంలో మెమొరీ భద్రత మొదటి మెట్టు, అక్షర భద్రత రెండో మెట్టు. తెలుగు పాఠ్యాన్ని స్వీకరించే ఏ వ్యవస్థనైనా ఈ రెంటికీ పరీక్షించాలి.

ఆ పరీక్షకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పేర్లు చక్కని సాధనాలు. మొదటిది పరిమితిలో ఇముడుతుంది, రెండోది కొద్దిలో దాటుతుంది, మూడోది కంటికి కనిపించని సంకేతాన్ని వెంట తెస్తుంది. ఈ మూడింటినీ చెక్కుచెదరకుండా తీసుకొని, చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వగల ఇంటర్‌ఫేస్ తెలుగును నమ్మకంగా అప్పగించదగినది. కంప్యూటర్ శాస్త్ర విభాగాలు, తెలుగు శాఖలు కలిసి పరిశోధించడానికి ఇందులో ఎంతో అవకాశం ఉంది. బైటు హద్దు ఒకరికి తెలుసు, అక్షరం హద్దు మరొకరికి తెలుసు. ఆ రెండు హద్దులూ ఒకే ఒప్పందంలో చేరవలసి ఉంది.